కరకట్ట మీద పార

వెస్టర్‌జీల్,
ఈస్టర్ వెళ్ళిన వారం

మాల్టె బాబుకి,

నువ్వు పంపిన పెట్టెలు అందాయి. ఇన్సా కోట్లు, బూట్లు, ఆ గళ్ళ దుప్పటి అన్నీ భద్రంగా వచ్చాయి. పోస్టతను మెట్ల మీదికి మోసుకొచ్చి, ఏముందమ్మా ఇంత బరువు అన్నాడు. మా అమ్మాయి సామాను అన్నాను. ఓహో, ఇంటికొచ్చేస్తోందా అన్నాడు. కొత్తవాడు, తెలీదు పాపం. అవును అనేశాను.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి రొయ్యలు ఒలవడానికి కూర్చున్నదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోను చేద్దామంటే గొంతు నా మాట వినడం లేదు, అందుకే కాగితం.

అన్నిటికంటే అడుగున మీ ఇద్దరూ కలిసి అల్లిన ఆట ఉంది. బోర్డు మీద ఇన్సా మా తీరమే గీసింది కదా! మా రేవు, మా చర్చి, కరకట్ట మీద మేసే గొర్రెలు కూడా. సముద్రం ఊళ్ళోకి రాకుండా కట్ట మీద పోసే మట్టి బుట్టలకి గుర్తుగా చిన్న చిన్న చెక్క ముక్కలు కోసింది. నువ్వు పైన చీటీ పెట్టావు, "ఇది పూర్తికాని ఆట, ఒక లోపం మిగిలిపోయింది, గుర్తుగా ఉంచుకోండి" అని.

ఆ లోపం ఏంటో నాకు చెప్పు బాబూ.

చలికాలంలో ఫోనులో నాతో అంది, "అమ్మా, అంతా కుదిరింది, ఒక్కటి తప్ప. ఆడేది ఒకరు, చూసేది ముగ్గురు" అని. అదేంటే అనేలోపు ఎవరో తలుపు కొట్టారు, మళ్ళీ చెప్తాలే అంది. ఆ వారమే రోడ్డు మీద మంచు, ఆ లారీ. మళ్ళీ అన్నది లేకుండా పోయింది. అది చెప్పాలనుకున్నది ఏంటో తెలిస్తే బాగుణ్ణు అనిపిస్తోంది. వేరే ఏమీ చెయ్యలేను కదా, ఇదైనా తెలుసుకుంటాను.

ఆదివారం టీకి మా ఆయన అక్క హిల్కా వదిన, పక్కింటి యెల్టో వచ్చినప్పుడు బోర్డు పరిచాను. ఎలా ఆడాలో ఇన్సా రాసిన కాగితం ఉంది, కానీ చదవనిస్తే కదా హిల్కా వదిన! "ఇలా తే ఫెన్నా, నీకు అర్థం కాదు" అని లాక్కుంది. అప్పటినుంచి "నువ్వు అక్కడ మట్టి వెయ్యి, యెల్టో నువ్వు ఇక్కడ వెయ్యి, అబ్బ, అక్కడ కాదయ్యా, ఇక్కడ!" గెలిచాం. యెల్టో బోర్డు కేసి చూస్తూ, "మనం గెలిచామా?" అన్నాడు. "గెలిచాం" అంది వదిన. "మంచిది" అన్నాడు.

ఇన్సా చెప్పింది ఇదేనా?

ఫెన్నా


లైప్‌జిగ్,
మే నెల

ఫెన్నా ఫ్రేరిక్స్ గారికి,

మీ ఉత్తరం అందింది. అవును, అదే.

ఇది ఆ ఆటకి మాత్రమే ఉన్న లోపం కాదు. ఆటగాళ్ళంతా ఒకే పక్క ఉండి, అందరూ కలిసి గెలిచే ఆటలన్నిటికీ ఉన్న జబ్బు. ఎదుటి పక్షం లేదు కాబట్టి దాచుకునేది ఉండదు. అందరికీ అన్నీ కనిపిస్తాయి. అప్పుడు బాగా ఆడగలిగిన ఒక్కడు, నువ్విది చెయ్యి, నువ్వది చెయ్యి అంటాడు. అతను చెప్పేది సరైనదే అవుతుంది. అసలు చిక్కు అక్కడే. సరైన మాటని కాదనడం ఎవరి తరమూ కాదు. మిగతావాళ్ళు చేతులు అరువిచ్చి కూర్చుంటారు. మేం దీన్ని పెత్తందారు జబ్బు అనేవాళ్ళం.

మా ప్రయత్నాలు మేం చేశాం. గాలి ఎటు వీస్తుందో చెప్పే ముక్కలు ఎవరివి వాళ్ళు దాచుకోవడం, మాట్లాడకుండా ఆడటం, ఇసుక గడియారం పెట్టడం. ఏదీ నిలబడలేదు. అయినా మీరు ఆడిన పద్ధతిలో ఒక పొరపాటు ఉంది. ప్రతి వంతు మొదట్లో, ఆటుపోట్లు చూపించే చందమామ చక్రాన్ని ఒక గడి తిప్పాలి. మీరు తిప్పినట్టు లేరు. తిప్పితే అంత సులువుగా గెలవరు.

ఆటలు అచ్చువేసే ఒకావిడ అక్టోబరు చివర్లో దీన్ని చూస్తానంది. నేనొక నిర్ణయానికి వచ్చాను. దీన్ని ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆటగా మార్చేస్తాను. తలా ఒకటి ఉండే కట్టలన్నీ ఒకే చేతిలో. అప్పుడు పెత్తనం అన్న ప్రశ్నే రాదు. ఇన్సా పడిన కష్టం వృథా పోదు.

గౌరవంతో,
మాల్టె


వెస్టర్‌జీల్,
మే నెలాఖరు

మాల్టె బాబూ,

ఒక్కరే సముద్రాన్ని ఆపుతారా? ఎక్కడ విన్నావు నాయనా ఈ మాట? నువ్వు పుట్టిన చోట సముద్రం లేదు కాబట్టి సరిపోయింది. ఇక్కడెవరైనా ఆ మాట వింటే నవ్వుతారు, మా వదినైతే తిడుతుంది.

నా కూతురు బోర్డు మీద మా ఊరంతా గీసింది. ఊరంతా గీసి అందులో ఒక్కణ్ణి నిలబెట్టడానికా? అది ఇన్సా ఆట కాదు. నాకు కోపం వచ్చింది, దాచను. కానీ అక్టోబరు ఇంకా దూరమే. నాకు ఆదివారాలు బోలెడు ఉన్నాయి. మీరు చేసి వదిలేసినవన్నీ మేమూ చేసి చూస్తాం. ఎందుకు నిలబడలేదో నా కళ్ళతో చూడాలి.

మొదట ముక్కలు దాచుకున్నాం. హిల్కా వదిన యెల్టో మోచేతి మీంచి మెడ సాచింది.

"చూపించవయ్యా, నేనేం తింటానా?"

"చూపించకూడదట కదా."

"మనమంతా ఒక పక్కేగా! నా దగ్గర దాచేదేంటి, నేను సముద్రాన్నా?"

యెల్టో కాసేపు ఆలోచించి, ముక్కలన్నీ వెల్లకిలా పరిచేశాడు. నలభై ఏళ్ళు రేవులో సముద్రపు నీటిని ఆపే తలుపులు ఎత్తి దించిన మనిషి. మాట తక్కువ. ఆమెతో వాదించే కంటే చూపించెయ్యడమే తేలిక అనుకున్నాడు.

తర్వాత మాటలు లేకుండా ఆడాం. మా వదిన కనుబొమలతో మాట్లాడింది. దగ్గింది. నేను తప్పు చోట బుట్ట పెడితే బల్ల కింద నుంచి కాలితో తన్నింది. నాకు నవ్వాగలేదు బాబూ. నవ్వాక, నవ్వానే అని భయం వేసింది. ఇన్సా పోయాక అదే మొదటిసారి.

ఆమె చెడ్డది కాదు. ఇన్సా పోయిన వారం నా వంటింట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆమే. కానీ రోజూ ఒకటే మాట. "ఇన్సా గది ఖాళీ చెయ్యి ఫెన్నా. మూసిన గదిలో దుఃఖం బూజులా పెరుగుతుంది. ఎండాకాలం టూరిస్టులకి అద్దెకివ్వు." సరైన మాటేనేమో. నువ్వన్నావే, సరైన మాటని కాదనడం కష్టమని, అది ఇదేననిపించింది.

మరి ఇన్సా ఏమనేది ఈ లోపం గురించి? నీ ఉత్తరంలో "మేం చేశాం, మేం అనేవాళ్ళం" అనే ఉంది. ఇన్సా ఏమందో లేదు.

చందమామని తిప్పుతున్నాం, నీకు బెంగ అక్కర్లేదు.

ఫెన్నా


లైప్‌జిగ్,
జూన్ నెల

ఫెన్నా గారికి,

మీ ఉత్తరం మాతో ఆటలాడే మా వాళ్ళకి చదివి వినిపించాను. కనుబొమల దగ్గర అందరూ నవ్వారు.

ఇసుక గడియారం మిగిలింది కదా, దానికి సూచనలు ఇస్తున్నాను. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే చిన్నది సరిపోతుంది. ఇసుక జారేలోపు ముగ్గురూ ఒకేసారి తమ బుట్టలు పెట్టేయాలి. పక్కవాణ్ణి చూసే తీరిక ఉండదు, కాబట్టి పెత్తనమూ ఉండదు. కనీసం లెక్క ప్రకారం.

ఇన్సా ఏమందని అడిగారు. లోపం ఆటలో లేదు, కుర్చీలో ఉంది అనేది. ఏ కుర్చీలో అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక్కరాడే రకం సగం పూర్తయింది. బాగానే నడుస్తోంది. నేను ప్రతిసారీ గెలుస్తున్నాను.

మాల్టె


వెస్టర్‌జీల్,
జులై నెల

మాల్టె బాబూ,

ప్రతిసారీ గెలుస్తున్నావా? ఒంటరిగానా? ఎవరితో చెప్పుకుంటున్నావు మరి గెలిచానని?

ఇసుక గడియారం సంగతి విను. మా వదినకి తొందర పెడితే గొంతు పెరుగుతుంది, అంతే తేడా. "పెట్టు! పెట్టు! యెల్టో, పెట్టవయ్యా బాబూ, మునుగుతున్నాం!" యెల్టో చేతులు అసలే వణుకుతాయి. బుట్ట అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె అతని చేతిలోంచి ఆ చెక్క ముక్క తీసుకుని అతని కట్ట మీద తనే పెట్టేసింది. గెలిచాం మళ్ళీ.

నేను రెండో విడత టీ పొయ్యబోయాను. మా దగ్గర కప్పులో కలకండ వేసి, దాని మీద వేడి టీ పోసి, అది చిటపటమన్నాక మీగడ వేస్తాం. కలపం. మూడు కప్పులు తాగడం మర్యాద. చాలు అనుకుంటే చెంచా కప్పులో పెట్టేస్తారు, ఇక ఎవరూ పొయ్యరు. యెల్టో ఒక్క కప్పుకే చెంచా పెట్టేసి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కంచె దగ్గర అడిగాను, ఏమయింది, గెలిచాం కదా అని.

"మీరు గెలిచారు ఫెన్నా. నేను ఆ పూట లేను."

అంతే అన్నాడు. బీన్సు తీగకి పురికొస కట్టుకుంటూ ఉండిపోయాడు.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. నేను చేపల దుకాణం నుంచి వచ్చేసరికి వసారాలో రెండు గోతాలు. ఇన్సా కోట్లు. చర్చిలో బీదవాళ్ళకి ఇవ్వడానికని మా వదిన మడతపెట్టి సర్దేసింది. ఎంత చక్కగా మడిచిందో! చేతులు ఛాతీ మీద పెట్టుకున్నట్టు ఒక్కో కోటూ. "నీ వల్ల కాదని నేనే చేసేశాను" అంది. ఆమె వెళ్ళాక గోతాలు విప్పి అన్నీ మళ్ళీ తగిలించాను. ఒక కోటు జేబులో బస్సు టికెట్టు ఉండాలి, లేదు. ఎక్కడ పడిపోయిందో.

యెల్టో మాట అప్పుడు అర్థమయింది. నా ఇంట్లో పని జరిగిపోయింది, నేను ఆ పూట లేను.

తర్వాతి ఆదివారం వదిన మళ్ళీ యెల్టో బుట్ట మీద చెయ్యి వేసింది. నాకేం వచ్చిందో తెలీదు, "అది అతని కట్ట. ముట్టుకోకు వదినా" అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"అయితే చేతకాదని చెప్పమను! మా తాత ఉంటే అనేవాడు, చేతకాకపోతే పార పాతేసి పొమ్మని!"

అని, తన మాటకి తనే ఆగిపోయింది. నీకు తెలీదేమో, మా వైపు పాతకాలంలో కరకట్టని ఇంటింటికీ పంచేవాళ్ళు. ఎవరి ముక్క వాళ్ళే కట్టుకోవాలి. ఎంత బలవంతుడైనా పక్కవాడి ముక్క మీద తట్ట మట్టి వెయ్యకూడదు. ఇక నా వల్ల కాదు అనుకున్నవాడు తన పార కట్టలో నిలువునా పాతి, పొలం ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. ఆ పార పీకినవాడిది ఆ పొలం, ఆ కట్ట బరువు కూడా వాడిదే.

యెల్టో నెమ్మదిగా అన్నాడు, "పాతితేనే హిల్కా. పాతకముందు కాదు."

నేను లేచి, ఆవ ముద్ద తీసుకునే బుల్లి చెంచాలు మూడు తెచ్చి తలా ఒకటి ఇచ్చాను. ఇవే పారలు అన్నాను. పార పాతనంత వరకు ఎవరి కట్ట గురించీ ఇంకొకరు నోరెత్తకూడదు, చెయ్యి పెట్టకూడదు. మా వదిన పెదాలు బిగించి కూర్చుంది, ఉడుకుతున్న కుండ మీద మూతలాగ. ఓడిపోయాం. యెల్టో కట్ట తెగింది, ఊరు మునిగింది. అతను మాత్రం పార పాతలేదు.

సగం దొరికింది బాబూ, సగం దొరకలేదు. మునిగిపోతున్నా అడగడేం?

ఫెన్నా


లైప్‌జిగ్,
ఆగస్టు

ఫెన్నా గారికి,

మీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుని చదివాను. ఆ రోజే మా వాళ్ళని పిలిచి ఆడాం. పారలకి అగ్గిపుల్లలు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మాతో ఏళ్ళుగా ఆడే డోరిట్ ఉంది. ఆమె గాలి ఎటు తిరుగుతుందో ముందే కనిపెట్టగలదని నాకు తెలీదు. ఎప్పుడైనా చెప్పనిస్తే కదా, అంది. అందరూ నవ్వారు. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

యెల్టో ఎందుకు అడగలేదో నాకు తెలీదు. పాతకాలం పద్ధతిలో పార పాతితే సర్వం పోతుంది. అందుకేనా? పార పీకినవాడు ఏం ఇచ్చుకోవాలి? పాతినవాడు ఇల్లు వదలకుండా ఉండే దారి ఉందా? ఇవి సూచనలు కావు. నిజంగానే అడుగుతున్నాను. యెల్టో గారినే అడిగి చెప్తారా?

మాల్టె

ఒక్కరాడే రకం పక్కన పెట్టాను.


వెస్టర్‌జీల్,
సెప్టెంబరు

మాల్టె బాబూ,

అడిగాను. నీ ఉత్తరం చదివి వినిపించి మరీ అడిగాను. యెల్టో పైపు వెలిగించుకుని, ఆర్పుకుని, మళ్ళీ వెలిగించుకున్నాడు.

"నోటితో వచ్చేవాళ్ళని పిలవబుద్ధి కాదు. తట్టతో వచ్చేవాడైతే పిలుస్తా" అన్నాడు.

"తట్ట ఎక్కడిది?" అంది వదిన.

"నీ కట్టది. నీ మట్టి తీసి నా దాని మీద వెయ్యి. అప్పుడు చెప్పు ఏం చెయ్యాలో. నేను ఎక్కడికీ పోను, నీ పక్కనే నిలబడి తొక్కుతాను."

యెల్టో ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మా వదిన కూడా వినలేదు, నోరు తెరుచుకుని చూసింది.

అలాగే ఆడాం. పార పీకాలంటే నీ మట్టి బుట్ట ఒకటి పట్టుకెళ్ళాలి, నీ కట్ట ఆ మేరకు పలచబడుతుంది. పాతినవాడు పక్కనే ఉండి ఎక్కడ వెయ్యాలో చివరి మాట చెప్తాడు. చందమామ నిండే వేళకి యెల్టో తన ఆవ చెంచా బోర్డు మీద నిలబెట్టాడు. మా వదిన చెయ్యి చటుక్కున ముందుకొచ్చి, గాల్లోనే ఆగిపోయింది. తన బుట్టల కేసి చూసుకుంది. రెండే ఉన్నాయి. ఒకటి ఇస్తే తన కట్టకే ప్రమాదం. అప్పుడు అతని మొహం కేసి చూసింది. ఇన్ని ఆదివారాల్లో ఆమె బోర్డు కేసి కాకుండా మనిషి కేసి చూడటం అదే మొదలు.

"నీకు ఎక్కడ కావాలి యెల్టో?" అంది.

"రేవు తలుపు పక్కన."

ఆమె అక్కడ వెయ్యడం తప్పని నాకు కూడా తెలుసు. ఆమెకి తెలీకుండా ఉంటుందా! పళ్ళు కొరుకుతూ అక్కడే వేసింది.

ఓడిపోయాం బాబూ. ఆమె కట్టే తెగింది. యెల్టో పడీపడీ నవ్వాడు, "ఇదిగో, ఇప్పుడు తెలిసిందా" అంటూ. ఆమె "నోర్ముయ్యి, ఇంకోసారి బోర్డు పరుచు" అంది. ఇంకోసారి ఆడాం. గెలిచామో ఓడామో ఎందుకు, అది కాదు చెప్పేది.

యెల్టో మూడు కప్పులూ తాగాడు.

ఫెన్నా


లైప్‌జిగ్,
అక్టోబరు చివర

ఫెన్నా అమ్మకి,

ఇలా రాయొచ్చో లేదో తెలీదు, రాసేశాను.

ఆ ప్రచురణకర్త ఆవిడ తన ఇద్దరు ఉద్యోగులతో కూర్చుని ఆడింది. నేను ఆడలేదు, చందమామని మాత్రం తిప్పాను. మొదట ఆవిడే అందరికీ చెప్పబోయింది, పార గుర్తొచ్చి ఆగింది. చివరికి వాళ్ళందరిలో చిన్నదైన అమ్మాయి పార పాతితే ఆవిడ తన ఆఖరి బుట్ట ఇచ్చింది. ఆట అయ్యాక ఆవిడ, పెట్టె మా దగ్గర ఉంచి వెళ్ళండి అంది. అచ్చు వేస్తారో లేదో చలికాలం తర్వాత తెలుస్తుంది. కానీ పెట్టె ఉంచుకున్నారు.

ఇన్సా చెప్పిన కుర్చీ ఏదో నాకు తెలుసు. ఆఖరిసారి ఆడినప్పుడు నాతో అంది, "నా పక్కన కూర్చో మాల్టె, నా కుర్చీలో కాదు" అని. తనకి చోటు చాలడం లేదేమో అనుకుని కొంచెం జరిగాను.

పెట్టె మీద పేర్లు ఎలా ఉండాలని వాళ్ళు అడిగారు. నాకొక ఆలోచన ఉంది. రాయడం లేదు. మీరు చెప్పండి.

మాల్టె


వెస్టర్‌జీల్,
నవంబరు

మాల్టె నాయనా,

పైన ఇన్సా పేరు. కింద నీది. మా ముగ్గురి పేర్లూ వద్దు. యెల్టో అయితే, "గొర్రెల పక్కన ఎక్కడో ఒక చిన్న టోపీ గీస్తే చాలు" అన్నాడు. గీయించగలిగితే గీయించు.

ఇన్సా మళ్ళీ చెప్తాలే అన్నది నాకు తెలిసింది. దాని నోటితో విననైతే లేదు. మన అందరి నోళ్ళతో కొంచెం కొంచెం విన్నాను.

ఇప్పుడు నా సంగతి. గాలులు మొదలయ్యాయి, గదికి తేమ పట్టింది. కోట్లకి వాసన వస్తోంది. నిన్న వాటి ముందు నిలబడితే నా చేతులు పైకి లేవలేదు. అప్పుడు పెరట్లోకి వెళ్ళి పార తెచ్చి, బురద కడిగి, ఇన్సా గది తలుపుకి ఆనించి నిలబెట్టాను. నిజం పారే, మా మామగారిది.

సాయంత్రం హిల్కా వదిన వచ్చింది. మేడ మీదికి వెళ్ళి దాన్ని చూసింది. ఆమె అడుగులు తలుపు దాకా వెళ్ళి ఆగడం కింద నుంచి విన్నాను. చాలాసేపటికి దిగొచ్చి, వంటింటి గడపలో నిలబడి, "నేనేం పట్టుకు రావాలి ఫెన్నా?" అంది. నేను ఏడ్చాను. ఆమె తన ఇంటికి వెళ్ళి, తన పెళ్ళినాటి పెద్ద చెక్క పెట్టె ఖాళీ చేసి తోపుడు బండి మీద తోసుకొచ్చింది. "ఇచ్చెయ్యాలనిపించనివి ఇందులో పెట్టుకో. నాకు అక్కర్లేదు ఇది" అంది. అబద్ధం, దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

కానీ ఆమెకి తెలియనిది ఒకటుంది. ఆ కోట్లలో ఏది ఇన్సా ఎప్పుడు తొడుక్కుందో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. అక్కడ మీ ఊళ్ళో గడిచిన రోజులవి. అవి నువ్వు పట్టుకు రావాలి. ఏది ఉంచాలో, ఏది ఇచ్చెయ్యాలో చెప్పొద్దు. ఇది ఫలానా రోజుది, ఆ రోజు వాన పడింది, ఇన్సా ఇలా అంది, అని చెప్పు చాలు. ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను.

పార తలుపు దగ్గరే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం మూడింటికి టీ. స్టేషనుకి యెల్టో వస్తాడు, మాట్లాడడు, అదేం అనుకోకు.

ఫెన్నా అమ్మ